కలిపే విద్య – విడదీసే విద్య

బోలుగా చేసిన బంగారు నగలో కంసాలి లక్క నింపుతాడు. పలుచని బంగారు రేకు ఒత్తిడికి సొట్టపడకుండా లోపలి లక్క దానిని నిలబెడుతుంది. లక్కకు లేని మెరుపునూ విలువనూ పైనున్న బంగారం సమకూరుస్తుంది. ఒకటి లోహం, రెండవది చెట్ల కొమ్మలపై బతికే లక్కపురుగు స్రవించిన జిగురు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించగా, తక్కువ బంగారంతో నిండైన ఆభరణం తయారవుతుంది. కొన్నేళ్ళ తరువాత ఆ నగను చెరిపించి మరొకటి చేయించుకోవాలని ఇల్లాలు తలచినప్పుడు, కంసాలి దానిని నిప్పుసెగకు చూపుతాడు. లక్క కరిగి బయటకు వస్తుంది. బంగారం బంగారంగానే మిగులుతుంది. కలపడం తెలిసిన ఆ చేతికి విడదీయడమూ తెలుసు.

ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుపపట్టా తొడగడం కూడా ఇటువంటి పనే. పట్టాను ఎర్రగా కాల్చి, అది సాగి ఉన్నప్పుడే కర్రచక్రానికి ఎక్కించి, నీళ్ళు చల్లుతారు. చల్లారిన ఇనుము కుంచించుకుపోయి చక్రం భాగాలన్నిటినీ బిగించి పట్టుకొంటుంది. కర్ర పాడైతే పట్టాను ఊడదీసి కొత్త చక్రానికి వేస్తారు. నాగలికి బిగించిన కర్రు సంగతీ అంతే. పల్లెలోని చేతివృత్తులవారు వస్తువును తయారు చేసేనాడే, దానిని విప్పవలసిన రోజును కూడా మనసులో ఉంచుకొన్నారు.

లోహాన్నీ పాలిమర్‌నూ జతపరచి నేటి శాస్త్రజ్ఞులు తయారు చేస్తున్న సంకర సంయుక్త పదార్థాలకు మూలసూత్రం ఆ కంసాలి పాటించినదే. అయితే కలిపే విద్య పెరిగినంత వేగంగా విడదీసే విద్య పెరగలేదు. ఈ రెండింటి మధ్య ఏర్పడిన అంతరం ఎంత ప్రమాదకరమో హైదరాబాదుకు పడమట ముంబయి రహదారి వెంట విస్తరించిన పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతానికి తెలిసినంతగా మరొక ప్రాంతానికి తెలియదేమో! అందువల్లనే ఈ విషయాన్ని ఆ ప్రాంతం నుంచే పరిశీలించడం ఉచితం.

లోహాలను కరిగించి కలిపితే మిశ్రలోహం ఏర్పడుతుంది. కంచులో రాగి ఎక్కడ ఉన్నదో, తగరం ఎక్కడ ఉన్నదో కంటికి కనిపించదు. సంయుక్త పదార్థం అటువంటిది కాదు. అందులో చేరిన పదార్థాలు ఒకదానికొకటి గట్టిగా అంటుకొని ఉన్నా తమ స్వరూపాన్ని కోల్పోవు. గాజుపోగులను రెజిన్‌లో తడిపి గట్టిపరచిన పలక ఇందుకు ఉదాహరణ. పోగులు బరువును భరిస్తాయి. రెజిన్ వాటిని చెదరకుండా పట్టి ఉంచి, ఒక పోగుపై పడిన భారాన్ని పక్కపోగులకు పంచుతుంది. మట్టిగోడలో వరిగడ్డి కూడా పోగులవలెనే మట్టిని పట్టి ఉంచి పగుళ్ళను అరికడుతుంది. ఇటువంటి పలకకు లోహపు రేకులను జతపరచినప్పుడు గాని, లోహపు తీగలను పాలిమర్‌లో పొదిగినప్పుడు గాని, లోహ–పాలిమర్ సంకర పదార్థం ఏర్పడుతుంది. ఉక్కు ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతుంది. సాధారణ ప్లాస్టిక్‌లలో అనేకం ఒక గ్రాముకు అటూ ఇటూగా ఉంటాయి. లోహానికి దృఢత్వం, వేడిని తట్టుకొనే శక్తి ఉన్నాయి. పాలిమర్‌కు తేలికదనం, తుప్పుపట్టని గుణం ఉన్నాయి. రెండింటి మేలునూ ఒకచోట చేర్చాలన్న కోరికే ఈ పదార్థాల పుట్టుకకు కారణం.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘గ్లేర్’ ఈ కోవలో ప్రసిద్ధమైనది. అర మిల్లీమీటరుకు మించని మందం గల అల్యూమినియం రేకుల మధ్య గాజుపోగుల పొరలను జిగురుతో అతికించి దీనిని తయారు చేస్తారు. విమానం పైకి లేచిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని దేహం స్వల్పంగా ఉబ్బుతుంది. కిందికి దిగినప్పుడు యథాస్థితికి వస్తుంది. వేలసార్లు ఇలా జరిగితే లోహం అలసిపోయి అందులో సన్నని పగులు పుడుతుంది. ఒంటి అల్యూమినియం రేకులో ఆ పగులు క్రమంగా సాగిపోతుంది. గ్లేర్‌లో మాత్రం పగిలిన రేకును ఆనుకొని ఉన్న గాజుపోగులు తెగకుండా నిలిచి, పగులు అంచులను పట్టి ఉంచుతాయి. పగులు సాగే వేగం తగ్గి, తనిఖీలో అది బయటపడేందుకు వ్యవధి లభిస్తుంది. 2005 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఎ380 విమానం పైభాగంలో ఈ పదార్థాన్ని విస్తారంగా వాడారు.

ఈ విద్య దూరదేశాల విమానాలకు మాత్రమే పరిమితమైనది కాదు. ముంబయి రహదారిపై నిత్యం తిరిగే వాహనాల చక్రాల్లోనే అది ఉంది. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉంది. రేడియల్ టైరు లోపల సన్నని ఉక్కుతీగల పట్టీలు ఉంటాయి. ఉక్కుకు రబ్బరు నేరుగా గట్టిగా అంటుకోదు. అందుచేత తీగలకు ఇత్తడి పూత పూస్తారు. గంధకం కలిపిన రబ్బరును వేడిచేసినప్పుడు, ఆ గంధకం ఇత్తడిలోని రాగితో చర్య జరిపి కాపర్ సల్ఫైడ్ పొరను ఏర్పరుస్తుంది. ఉక్కునూ రబ్బరునూ విడిపోకుండా బంధించేది ఆ పలుచని పొరే. రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వంటి సంస్థలు తయారు చేసే పెద్ద జనరేటర్లలో రాగి కడ్డీల చుట్టూ అభ్రకం, గాజుపట్టీ, రెజిన్ కలిసిన విద్యున్నిరోధక కవచం ఉంటుంది. ఔషధ పరిశ్రమ వాడే మాత్రల పట్టీకి ఒకవైపు ప్లాస్టిక్, మరొకవైపు అల్యూమినియం రేకు ఉంటాయి. పట్టణాల్లో దుకాణాల ముందు మెరిసే పలకలు చూపరులకు లోహంగా కనిపిస్తాయి. నిజానికి నాలుగు మిల్లీమీటర్ల పలకలో అల్యూమినియం రెండువైపులా కలిపి సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. మధ్యనున్న మిగతా భాగమంతా పాలిమర్ ప్రధానమైన పదార్థమే.

ఈ పదార్థాల వల్ల కలిగే మేలును తక్కువగా అంచనా వేయడం న్యాయం కాదు. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. 1989 మే 22న తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణి నిర్మాణంలో తేలికైన సంయుక్త పదార్థాలకు ప్రముఖ స్థానం లభించింది. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యులొకరు ప్రయోగశాలను చూడవచ్చి, ఆ పదార్థాన్ని చేతబట్టి, దాని తేలికదనానికి ఆశ్చర్యపడ్డారు. కలాంను తమ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ పోలియో సోకిన చిన్నారులు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కట్టుకొని కాళ్ళీడ్చుకుంటూ నడవడం ఆయన చూశారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యాయి. పిల్లలు తమ కాళ్ళను తామే నమ్మలేకపోయారు. తల్లిదండ్రుల కళ్ళు చెమర్చాయి. కలాం తరువాతి కాలంలో ఈ సంఘటనను అనేక సభల్లో స్మరించారు. క్షిపణి కోసం సాధించిన తేలికదనం పసివాడి కాలికి ఊతమైందంటే, పదార్థవిజ్ఞానానికి అంతకన్న సార్థకత ఏముంటుంది?

కాని ప్రతి వస్తువుకూ పుట్టుక ఉన్నట్లే అవసానమూ ఉంటుంది. లక్క వేడికి కరుగుతుంది. ఎపాక్సీ, పాలియెస్టర్ వంటి రెజిన్లు ఒకసారి గట్టిపడిన తరువాత మళ్ళీ కరగవు. వాటి అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని వలవలె బిగిసిపోతాయి. వేడిచేస్తే మాడిపోతాయే తప్ప ద్రవించవు. గంధకంతో గట్టిపరచిన రబ్బరుదీ అదే స్వభావం. అరిగిన టైరును నలిపి, అయస్కాంతంతో ఉక్కును వేరుచేయవచ్చు. కాని రబ్బరు తొలి స్థితికి రాదు. గాలి చొరని పాత్రలో టైరు ముక్కలను కాచి నూనె తీసే పద్ధతి ఒకటుంది. నియమాలు పాటించని చోట ఆ పద్ధతి వల్లనే పొగ, మసి చుట్టుపక్కల ఊళ్ళను కమ్ముకొంటాయి.

పాతసామాన్ల వర్తకుడు పగిలిన ఇత్తడి చెంబును తూచి కొంటాడు. తుప్పుపట్టిన ఇనుప గొలుసును కూడా కాదనడు. లోపల వెండివలె మెరిసే చిరుతిండి సంచిని మాత్రం ముట్టడు. అందులో అల్యూమినియం ఉన్నమాట నిజమే. కాని అది ప్లాస్టిక్ పొరపై అతి పలుచని పూతగా అంటుకొని ఉంది. దానిని వేరుచేయడానికయ్యే ఖర్చు దాని విలువను మించిపోతుంది. చెత్త ఏరుకొని పొట్టపోసుకొనే స్త్రీ కూడా దానిని చూసీ చూడనట్లు దాటిపోతుంది. విడదీయలేని వస్తువుకు ధర పలకదు. ధర పలకని వస్తువు చివరకు చెరువులోనో మురుగుకాలువలోనో చేరుతుంది. తిరిగి వినియోగించలేని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో నిలిపివేయాలని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు ఆదేశించాయి. 2018 సవరణతో ఆ ఆదేశం సడలింది. కాల్చి శక్తిని రాబట్టడానికైనా, మరొక పనికైనా ఉపయోగపడే బహుళపొరల ప్లాస్టిక్‌ను నిలిపివేయనక్కరలేకుండా పోయింది. ఆ సడలింపు పరిశ్రమకు ఊరట కలిగించింది గాని, విడదీసే మార్గాన్ని వెదకవలసిన అవసరాన్ని వెనక్కు నెట్టింది.

రెండు పదార్థాలను కలిపేటప్పుడు వాటి దోషాలు కూడా కలుస్తాయన్న సంగతి మరువరాదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల నివాస భవనానికి బయటివైపు అల్యూమినియం పలకలు తొడిగారు. ఆ పలకల మధ్య పాలిఎథిలీన్ ఉంది. 2017 జూన్ 14న ఒక వంటగదిలో పుట్టిన మంట బయటి పలకలకు అంటుకొని భవనాన్నంతటినీ చుట్టుముట్టింది. 72 మంది మరణించారు. మంటలు అంత వేగంగా వ్యాపించడానికి ఆ పలకలే ముఖ్యకారణమని విచారణలో తేలింది. పైకి లోహంగా కనిపించిన గోడ లోపల ఇంధనాన్ని దాచుకొని ఉంది! అల్యూమినియం పలకలను ఎంచుకొనే ప్రతి దుకాణదారుడూ, ప్రతి ఆసుపత్రి యాజమాన్యమూ ధరతో పాటు మధ్యనున్న పదార్థం ఏమిటని అడగవలసి ఉంది.

పటాన్‌చెరు ప్రాంతం ఈ పాఠాన్ని మరొక రూపంలో ఇదివరకే నేర్చుకొన్నది. 1970 దశకం నుంచి ఇక్కడ పరిశ్రమలు విస్తరించాయి. వేలాది కుటుంబాలకు ఉపాధి లభించింది. అదే సమయంలో రసాయన వ్యర్థాలు నక్కవాగులోకి, దాని ద్వారా మంజీరలోకి చేరాయి. చెరువులు, బావులు చెడిపోయాయి. పంటపొలాలు బీళ్ళయ్యాయి. పటాన్‌చెరులో వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దీర్ఘకాలం పోరాడారు. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం పనిచేయడం ప్రారంభించింది. అనేక కర్మాగారాల నీరు అక్కడ ఒకటిగా కలిసేది. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రం నుంచి వెలువడిన నీటిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. రోగికి కొలిచి ఇవ్వవలసిన ఔషధం శుద్ధిచేసిన నీటిలోనే అంత మోతాదులో ప్రవహించింది. వేర్వేరుగా ఉన్నప్పుడు గుర్తించి, వేరుచేయగల పదార్థాలు ఒకసారి కలిసిపోతే ఎంత ఖరీదైన యంత్రానికైనా లొంగవన్నది ఆ నీరు నేర్పిన పాఠం. ద్రవవ్యర్థం విషయంలో జరిగిన పొరపాటు ఘనవ్యర్థం విషయంలోనూ జరగాలా?

వస్తువు పుట్టుకలో పాలుపంచుకొనే కార్మికుని సంగతి కూడా ఆలోచించాలి. గాజుపోగుల పలకలను కోసేటప్పుడు లేచే ధూళి చర్మాన్నీ శ్వాసకోశాన్నీ బాధిస్తుంది. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు వెలువడే స్టైరీన్ ఆవిరి కళ్ళను మండించి, తలతిప్పు కలిగిస్తుంది. బీహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చి, ఈ ప్రాంతంలో అద్దెగదుల్లో తలదాచుకొనే యువకులు ఎందరో ఉన్నారు. తాము ముట్టుకొనే పదార్థం ఎటువంటిదో వారికి వారి భాషలో చెప్పేవారు అరుదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ ముడిపదార్థాల కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. అది సంయుక్త పదార్థాల పరిశ్రమ కాకపోవచ్చు. అయినా పదార్థపు స్వభావాన్ని దానితో పనిచేసే ప్రతి మనిషికీ తెలియజేయవలసిన బాధ్యత అన్ని పరిశ్రమలకూ సమానమే.

ఈ వాదానికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. చిన్న పరిశ్రమలు ఇప్పటికే ముడిసరుకుల ధరలతోనూ, కరెంటు బిల్లులతోనూ సతమతమవుతున్నాయి. విడదీసే ఏర్పాటును కూడా వాటి నెత్తిన వేస్తే మూతపడతాయని కొందరంటారు. తేలికైన వాహనం ఇంధనాన్ని ఆదా చేస్తుంది కాబట్టి చివరి వ్యర్థాన్ని కొంత సహించవచ్చునని మరికొందరంటారు. ఈ మాటల్లో కొంత సత్యం ఉంది. ఇంధనపు ఆదా నిజమే. చిన్న యజమాని కష్టమూ నిజమే. కాని ఖర్చును లెక్కలో చూపకపోయినంత మాత్రాన అది మాయమైపోదు. నక్కవాగు ఒడ్డున భూమి పోగొట్టుకొన్న రైతు ఆ ఖర్చును చెల్లించాడు. నీళ్ళు కొనుక్కొని తాగిన ఇల్లాలు చెల్లించింది. వస్తువును అమ్మినవాడు, కొన్నవాడు పంచుకోవలసిన భారాన్ని వారిద్దరికీ సంబంధం లేని పల్లెవాసులు మోయడం ధర్మం కాదు.

చట్టం ఇటీవల ఈ దిశగా కదిలింది. 2022 జూలైలో వెలువడిన నిబంధనలు పాత టైర్ల తుది బాధ్యతను ఉత్పత్తిదారులపైనా, దిగుమతిదారులపైనా ఉంచాయి. కాలం తీరిన వాహనాల విషయంలో ఇటువంటి నిబంధనలే 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఐరోపా సమాఖ్య 2000లోనే ఇందుకు పూనుకొని, వాహనం బరువులో 95 శాతాన్ని 2015 నాటికి ఏదో ఒక రూపంలో తిరిగి రాబట్టాలని లక్ష్యం విధించుకొన్నది. చట్టం బాధ్యతను నిర్ణయించగలదు. మార్గాన్ని కనిపెట్టవలసింది మాత్రం విద్యావంతులే.

ఆ మార్గం అసాధ్యమైనది కాదు. జిగురుతో శాశ్వతంగా అతికించవలసిన అవసరం లేనిచోట మరలతో బిగించవచ్చు. కరగని రెజిన్‌కు బదులు వేడికి మెత్తబడే పాలిమర్‌ను వాడగల చోట వాడవచ్చు. నిర్ణీతమైన వేడికి పట్టు వదిలే జిగురులపై పరిశోధనలు సాగుతున్నాయి. ప్రతి వస్తువుపైన అందులోని పొరల వివరాన్ని ముద్రించవచ్చు. లోపల ఏమున్నదో తెలియనిదే విడదీయడం సాధ్యం కాదు గదా! కొత్త కర్మాగారానికి స్థలం కేటాయించేటప్పుడు, అక్కడ తయారయ్యే వస్తువును విప్పి వేరుచేసే శాలకు కూడా స్థలం కేటాయించడం ప్రభుత్వం చేయదగిన పని. అటువంటి శాలలు ఏర్పడితే, నేడు చెత్తకుప్పల మధ్య బతుకు వెళ్ళదీస్తున్నవారికి గౌరవప్రదమైన ఉపాధి కూడా దొరుకుతుంది.

ఇందుకు కావలసిన వనరులు సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. 2008లో ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా ప్రారంభమై, అనంతరం కందిలో స్థిరపడిన భారత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అందులో పదార్థవిజ్ఞానానికి ప్రత్యేక విభాగం ఉంది. చుట్టుపక్కల టైర్లు, యంత్రాలు, మందులు, వాహనాలు తయారు చేసే కర్మాగారాలు ఉన్నాయి. చేతిపని నేర్పే శిక్షణ సంస్థలు ఉన్నాయి. పరిశోధకుడు, పారిశ్రామికుడు, పాతసామాన్ల వర్తకుడు ఒకచోట కూర్చొని మాట్లాడుకొనే సందర్భమే కావాలి. ఆ ముగ్గురిలో వస్తువు అంత్యదశను ప్రతిదినం కళ్ళారా చూస్తున్నవాడు పాతసామాన్ల వర్తకుడే. అతని అనుభవాన్ని చిన్నచూపు చూడరాదు.

రేపు ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు, వ్యాపారులు, అధికారులు కాబోయేవారు నేటి జూనియర్ కళాశాల విద్యార్థులే. కొత్త పదార్థాన్ని చూసినప్పుడు ఇది ఎంత తేలిక, ఎంత గట్టి, ఎంత చవుక అని అడగడం వారికి పాఠ్యపుస్తకాలే నేర్పుతాయి. పని తీరిన తరువాత దీనిని ఎవరు విప్పుతారు, ఎలా విప్పుతారు, విప్పలేకపోతే అది ఎవరి పొలంలో చేరుతుంది అని కూడా వారు అడగగలగాలి. కంసాలి నగలో లక్క నింపేటప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం అతని కొలిమిలోనే సిద్ధంగా ఉండేది. ఎంతో ముందుకు సాగిన నేటి విజ్ఞానం ఆ పాటి జాగ్రత్తకు తీసిపోకూడదు.